సన్మానపత్రంలో చోటు దొరకని అంకె

సన్మాన సభలు ఎక్కడైనా ఒకే తీరుగా నడుస్తాయి. మన దగ్గర శాలువా, పూలదండ, జ్ఞాపిక. అమెరికాలోని యూదు సమాజాల్లో అయితే టికెట్టు పెట్టి విందు, ప్రకటనలతో నిండిన సావనీరు, చివర్లో ఒక ఫలకం. వక్తల మాటలు అక్కడా ఇక్కడా అవే: అలుపెరగని పోరాటం, చరిత్రాత్మక తీర్పు, తరతరాలకు స్ఫూర్తి. జీవితమంతా కోర్టుల్లో గడిపిన మనిషిని ఇలా పొగిడితే, ఆ మనిషి ఏం పని చేసిందో సభికులకు తెలియకుండానే సభ ముగుస్తుంది. లాయరు పని స్ఫూర్తితో నడవదు. గడువు ఎప్పుడు, ఫారం ఏది, ఏ ఊరి కోర్టు, వాది ఎవరు, నష్టం ఎంత అన్న లెక్కలతో నడుస్తుంది.

న్యూయార్క్‌లో ఒకే యూదు ప్రార్థనా సమాజానికి చెందిన ఇద్దరు స్త్రీలు 2013లో అమెరికా సుప్రీంకోర్టులో ఒక కేసు గెలిచారు. వాది ఈడీ విండ్సర్, ఆమె తరఫు లాయరు రాబర్టా కాప్లన్. లోకం దాన్ని స్వలింగ వివాహాల కేసుగా గుర్తుపెట్టుకుంది. రికార్డులో మాత్రం అది పన్ను వాపసు దావా. కోరిన మొత్తం 3,63,053 డాలర్లు. ఆ అంకె లేకపోతే ఆ తీర్పే లేదు. ఈ ఇద్దరి గురించి రాసే సన్మానపత్రాల్లో ముందు జారిపోయేది కూడా ఆ అంకే.

పండుగ పేరు పెట్టుకున్న మందిరం

ఆ సమాజం పేరు కాంగ్రిగేషన్ బేత్ సిమ్‌హత్ తోరా. 1973లో గే, లెస్బియన్ యూదులు కొందరు మన్‌హాటన్‌లోని చెల్సీ ప్రాంతంలో, ఒక ఎపిస్కోపల్ చర్చిలో దొరికిన గదిలో శుక్రవారం రాత్రి ప్రార్థనలతో మొదలుపెట్టారు. అంతకు ఏడాది ముందు లాస్ ఏంజెలెస్‌లో బేత్ ఖయిమ్ ఖదాషిమ్ ఇలాగే పుట్టింది. న్యూయార్క్ సమాజానికి తొలి ఇరవై ఏళ్లు పూర్తికాలపు రబ్బీ, అంటే మతగురువు, లేరు, సభ్యులే ప్రార్థన నడిపించుకున్నారు. ఎయిడ్స్ మరణాలు ఉధృతంగా ఉన్న 1992లో షారన్ క్లైన్‌బామ్ రబ్బీగా వచ్చి 2024 దాకా ఉన్నారు. సొంత భవనం వెస్ట్ 30వ వీధిలో 2016లోగానీ సమకూరలేదు.

సిమ్‌హత్ తోరా అంటే ఏడాది పొడవునా సాగిన తోరా (యూదుల పవిత్ర గ్రంథం) పఠనం ముగిసి, అదే రోజు మళ్లీ మొదలయ్యే పండుగ. ద్వితీయోపదేశకాండము చివరి భాగం చదివేటప్పుడు ఒకరిని, ఆదికాండము మొదటి భాగానికి మరొకరిని వేదిక మీదికి పిలుస్తారు. సమాజానికి సేవ చేసిన వాళ్లకు దక్కే పెద్ద గౌరవాల్లో ఇదొకటి. మొదటివారిని 'హతన్ తోరా' అంటారు, అంటే తోరా పెళ్లికొడుకు. స్త్రీలను కూడా పిలిచే మందిరాల్లో 'కల్లత్ తోరా', పెళ్లికూతురు. తమలో ఎవరి పెళ్లీ చట్టం ముందు చెల్లని రోజుల్లో ఒక సమాజం ఏరికోరి ఈ పండుగ పేరే పెట్టుకుందన్నది గమనించదగ్గ సంగతి.

హీబ్రూలో గౌరవానికి 'కవోద్' అన్న మాట ఉంది. బరువు అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. మన 'గౌరవం' కూడా 'గురు' శబ్దం నుంచి వచ్చిందే, దానికీ మూలార్థం బరువే. ఆ లెక్కన ఒకరిని గౌరవించడమంటే వాళ్లు మోసిన బరువు ఎంతో తూచి చూడడం. ఈ కేసులో ఆ తూకం ఒక పన్ను పత్రంతో మొదలవుతుంది.

ఉంగరం బదులు బ్రోచ్

ఈడీ విండ్సర్ 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. న్యూయార్క్ యూనివర్సిటీలో గణితంలో మాస్టర్స్ చేసి, ఐబీఎంలో ప్రోగ్రామర్‌గా చేరి, సీనియర్ సిస్టమ్స్ ప్రోగ్రామర్ స్థాయికి ఎదిగారు. థియా స్పైయర్ ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన యూదు. నాజీల బారి నుంచి తప్పించుకుని వచ్చిన కుటుంబం. వృత్తి రీత్యా క్లినికల్ సైకాలజిస్టు. ఇద్దరూ 1963లో గ్రీనిచ్ విలేజ్‌లోని ఒక రెస్టారెంట్‌లో కలిశారు. 1967లో పెళ్లి చేసుకుందామని థియా అడిగారు. వేలికి ఉంగరం కనిపిస్తే "పెళ్లికొడుకు ఎవరు?" అని ఆఫీసులో అడుగుతారు. అందుకని ఉంగరానికి బదులు వజ్రాలు పొదిగిన గుండ్రటి బ్రోచ్ ఇచ్చారు. నలభై ఆరేళ్ల తర్వాత ఈడీ సుప్రీంకోర్టు మెట్లెక్కిన రోజున ఆమె కోటు మీద ఉన్నది అదే బ్రోచ్.

1977లో థియాకు మల్టిపుల్ స్క్లిరోసిస్ అని తేలింది. క్రమంగా చేతులూ కాళ్లూ పడిపోయాయి. 2007 నాటికి డాక్టర్లు ఇక ఎక్కువ కాలం లేదన్నారు. అప్పటికి న్యూయార్క్ రాష్ట్రంలో స్వలింగ జంటలకు పెళ్లి లైసెన్సు ఇవ్వరు. కెనడాలో 2005 నుంచి దేశమంతటా చట్టబద్ధం. వీల్‌చైరుతో, సహాయకులతో విమానమెక్కి, 2007 మే 22న టొరంటోలో పెళ్లి చేసుకుని తిరిగొచ్చారు. 2009 ఫిబ్రవరి 5న థియా కన్నుమూశారు.

ఆస్తి అంతా ఈడీకే రాశారు: ఫిఫ్త్ అవెన్యూలో ఫ్లాట్, సౌతాంప్టన్‌లో చిన్న ఇల్లు, కొంత పొదుపు. ఎప్పుడో చవకగా కొన్న ఇళ్లు, నలభై ఏళ్లలో ధర ఎక్కడికో వెళ్లింది. 2009లో అమెరికా కేంద్ర ఎస్టేట్ ట్యాక్సుకు, అంటే చనిపోయినవారి ఆస్తిపై పడే పన్నుకు, మినహాయింపు 35 లక్షల డాలర్లు. ఆపైన ఉన్నదానికి గరిష్ఠ రేటు 45 శాతం. భార్యకో భర్తకో వెళ్లే ఆస్తికి మాత్రం పరిమితి లేని మినహాయింపు ఉంటుంది. వంద కోట్ల డాలర్లు రాసినా పన్ను సున్నా. థియా స్థానంలో 'థియో' అనే మగవాడుంటే ఈడీ కట్టాల్సింది ఏమీ లేదు. కానీ 1996లో వచ్చిన 'డిఫెన్స్ ఆఫ్ మ్యారేజ్' చట్టం, వాడుకలో 'డోమా', తన 3వ సెక్షన్‌లో కేంద్ర చట్టాలన్నింటికీ వివాహమంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ మధ్య బంధమేనని నిర్వచించింది. ఆ ఒక్క నిర్వచనం వెయ్యికి పైగా కేంద్ర చట్ట నిబంధనలను తాకింది. ఈడీకి తగిలిన దెబ్బ 3,63,053 డాలర్లు. రాష్ట్ర పన్ను దీనికి అదనం.

దావా తలుపు తెరిచిన రసీదు

అమెరికాలో కేంద్ర ప్రభుత్వం మీద ఎవరు పడితే వాళ్లు దావా వేయడం కుదరదు. ప్రభుత్వం ముందే చట్టం ద్వారా ఒప్పుకున్న సందర్భాల్లోనే కుదురుతుంది. పన్ను వాపసు అలా ఒప్పుకున్న తలుపుల్లో ఒకటి. ఆ తలుపులోంచి వెళ్లడానికి వరస ఉంది, ఒక్క మెట్టు తప్పినా లోపలికి రానివ్వరు.

మొదట పన్ను పూర్తిగా కట్టాలి. "అన్యాయమైన పన్ను, కట్టను" అని కూర్చుంటే వాపసు దావా పుట్టదు. అప్పుడు వెళ్లాల్సింది ట్యాక్స్ కోర్టు అనే వేరే దారికి. ఎస్టేట్ రిటర్ను 706వ నంబరు ఫారంలో, మరణించిన నాటి నుంచి తొమ్మిది నెలల్లోగా దాఖలు కావాలి. కట్టాక కేంద్ర పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు వాపసు క్లెయిం పెట్టాలి. రిటర్ను వేసిన మూడేళ్లలోపు లేదా పన్ను కట్టిన రెండేళ్లలోపు, ఏది తర్వాతైతే అది గడువు. క్లెయింలో కారణం స్పష్టంగా రాయాలి. అక్కడ రాయని కారణాన్ని తర్వాత కోర్టులో లేవనెత్తితే ప్రభుత్వ లాయరు అక్కడే అడ్డుకుంటాడు. ఐఆర్‌ఎస్ తిరస్కరించాలి, లేదంటే ఆరు నెలలు గడవాలి. అప్పుడే జిల్లా కోర్టు.

ఇందులో చాలామంది గమనించని మెలిక: దావా వేయాల్సింది 'భార్య' హోదాలో కాదు, ఎస్టేట్ ఎగ్జిక్యూటర్ (వీలునామాను అమలు చేసే మనిషి) హోదాలో. ఈడీ కేసు శీర్షికలోనూ ఆమె థియా ఎస్టేట్ ఎగ్జిక్యూటర్‌గానే కనిపిస్తారు. వీలునామా పక్కాగా లేని జంటలు ఇక్కడే ఆగిపోయేవి. వీలునామా లేకుండా ఒకరు పోతే, చట్టం దృష్టిలో పరాయి మనిషైన భాగస్వామికి ఆస్తీ రాదు, ఎగ్జిక్యూటర్ హోదా కూడా రాదు. దూరపు మేనల్లుడు వస్తాడు. ఎయిడ్స్ కాలంలో న్యూయార్క్ గే సమాజం ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. అద్దె ఇల్లు ఒకరి పేరున ఉండి వాళ్లు చనిపోతే రెండోవారిని ఖాళీ చేయించేవారు. 1989లో బ్రాస్కీ కేసులో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అద్దె నియంత్రణ నిబంధనల్లోని 'కుటుంబం' అన్న మాటకు దీర్ఘకాలం కలిసి బతికిన స్వలింగ జంటలు కూడా వస్తాయని చెప్పింది. పెళ్లి హక్కు గురించి ఆ తీర్పు ఏమీ తేల్చలేదు. అడిగింది అద్దె గురించి, ఇచ్చింది అద్దె గురించి. చిన్న ప్రశ్న అడిగి పెద్ద జవాబు రాబట్టే పద్ధతి అక్కడ ఒకసారి పనిచేసింది.

ఈడీ కేసును తీసుకోవడానికి హక్కుల సంస్థలు మొదట ముందుకు రాలేదు. ఆ వెనకడుగులో అర్థముంది. ఉద్యోగం పోయిన తల్లినో, పెన్షన్ రాని సైనికుడి భాగస్వామినో వాదిగా నిలబెడితే జనం మనసు కరుగుతుంది. ఫిఫ్త్ అవెన్యూ ఫ్లాటున్న స్త్రీ ఎస్టేట్ ట్యాక్సు గురించి గోల పెడితే ఎవరు పట్టించుకుంటారు? కాప్లన్ లెక్క వేరు. డోమా చేసిన అన్యాయాల్లో చాలావాటిని డబ్బులోకి మార్చి చూపడం కష్టం. ఇక్కడ మాత్రం ప్రభుత్వమే కాగితం మీద అంకె వేసి, రసీదు చేతికిచ్చింది. పన్ను భారం ఎవరికైనా అర్థమవుతుంది, ఎస్టేట్ ట్యాక్సంటే గిట్టని సంప్రదాయవాద జడ్జికి ఇంకా బాగా అర్థమవుతుంది.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన సామెత. ఆ ఏడుపు ఈ కేసులో లేకపోవడానికి కారణం, కాప్లన్ భాగస్వామిగా ఉన్న పెద్ద లా సంస్థ ఫీజు లేకుండా వాదించడం. లేకపోతే వాపసు వచ్చే సొమ్ముకు ఎన్నో రెట్లు ఖర్చయ్యేది.

ఇంకో ముడి కూడా ఉంది. కాప్లన్ యువ లాయరుగా ఉన్నప్పుడు, 1991లో, తన లైంగికత విషయంలో నలిగిపోతూ ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్లారు. ఆ సైకాలజిస్టు థియా స్పైయరే. ఈ సంగతి కాప్లనే తర్వాత బహిరంగంగా చెప్పారు. కథలు రాసేవాళ్లకు ఇది బంగారం. కోర్టుకు మాత్రం దీనితో పని లేదు, రికార్డులోనూ లేదు.

2006 ఓటమి నేర్పింది

సన్మానపత్రాలు ఓటములను దాటవేస్తాయి. కాప్లన్ విషయంలో అలా దాటవేస్తే సగం పని కనిపించదు. 2006లో ఆమె న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో స్వలింగ జంటల పెళ్లి హక్కు కోసం వాదించారు. హెర్నాండెజ్ కేసుతో కలిపి విన్న నాలుగు వ్యాజ్యాల్లో ఒకటి ఆమెది. 4-2తో ఓడిపోయారు. ఇంతకుముందు కాప్లన్‌ను లా క్లర్కుగా (జడ్జికి సహాయకురాలిగా) పెట్టుకున్న ప్రధాన న్యాయమూర్తి జూడిత్ కే అసమ్మతి తీర్పు రాశారు; రాబోయే తరాలు దీన్ని ఒక తప్పటడుగుగా చూస్తాయన్నారు.

అక్కడ అడిగింది పెద్ద ప్రశ్న: మాకు పెళ్లి హక్కు ఉందా, లేదా? అంత పెద్ద ప్రశ్న అడిగితే జడ్జికి సులువైన జవాబు ఒకటుంటుంది: అది శాసనసభ చూసుకోవాల్సిన విషయం. విండ్సర్ కేసులో ప్రశ్న ఇరుకైంది. న్యూయార్క్ ఈ పెళ్లిని గుర్తిస్తోంది, మరి కేంద్రం ఎందుకు గుర్తించదు? ఈ రూపంలో అడిగితే రాష్ట్రాల అధికారాన్ని గౌరవించే జడ్జికి కూడా వాది వైపు నిలబడే చోటు దొరుకుతుంది. తీర్పు రాసిన జస్టిస్ కెనెడీ చివరికి నిలబడింది ఆ చోటనే.

ఈ రూపానికీ ఒక బలహీనత ఉంది. 2009లో న్యూయార్క్ ఆ పెళ్లిని నిజంగా గుర్తించిందా? సొంతంగా పెళ్లిళ్లు చేయడం 2011లోగానీ మొదలుకాలేదు. అయితే 2008లో రాష్ట్ర అప్పీలు కోర్టు ఒకటి కెనడాలో జరిగిన పెళ్లిని గుర్తించాలని చెప్పింది. అదే ఏడాది గవర్నర్ కూడా శాఖలన్నింటికీ ఆదేశమిచ్చారు. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం మాత్రం నేరుగా తేల్చలేదు. ప్రత్యర్థులు ఈ సందును పట్టుకున్నారు. ఫెడరల్ అప్పీలు కోర్టు ఈ ప్రశ్నను తిరిగి రాష్ట్ర కోర్టుకు పంపి ఉంటే ఏడాదో రెండేళ్లో గడిచిపోయేవి. ఎనభై దాటిన వాదికి, థియా పోయాక గుండెజబ్బు తెచ్చుకున్న వాదికి, ఏడాది చిన్న విషయం కాదు. కేసు త్వరగా వినమని కాప్లన్ కోరినప్పుడు చూపిన కారణం వయసూ ఆరోగ్యమే.

ఏ ఊరి కోర్టు అన్నది సగం వాదన

2010 నవంబరు 9న దావా మన్‌హాటన్ ఫెడరల్ జిల్లా కోర్టులో పడింది. అప్పీలు వెళ్లేది ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీలు కోర్టైన సెకండ్ సర్క్యూట్‌కు. లైంగికత ఆధారంగా వివక్ష చూపే చట్టాన్ని ఎంత కఠినంగా పరీక్షించాలన్న దానిపై ఆ సర్క్యూట్‌లో అప్పటికి నజీరు, అంటే దారి చూపే పాత తీర్పు, లేదు. మిగతా చాలా సర్క్యూట్లలో 'ఏదో ఒక హేతువుంటే చాలు' అన్న తేలిక పరీక్ష స్థిరపడిపోయింది కాబట్టి ప్రభుత్వ లాయర్లు డోమాను మొక్కుబడిగానైనా సమర్థించగలిగేవారు. ఇక్కడ ఆ చాటు లేదు. పరీక్ష ఏదో వాళ్లే నోరు తెరిచి చెప్పాలి. 2011 ఫిబ్రవరి 23న అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ స్పీకర్‌కు లేఖ రాశారు: కఠిన పరీక్షే సరైనది, దాని ముందు డోమా 3వ సెక్షన్ నిలవదు, ఇక సమర్థించం. న్యాయశాఖను ఆ మూలకు నెట్టింది ఈ సర్క్యూట్‌లో వేసిన రెండు కేసులు: విండ్సర్, అదే రోజు కనెక్టికట్‌లో పడిన పెడర్సన్.

సమర్థన బాధ్యతను ప్రతినిధుల సభ కమిటీ ఒకటి తలకెత్తుకుని, మాజీ సొలిసిటర్ జనరల్ పాల్ క్లెమెంట్‌ను పెట్టుకుంది. జిల్లా కోర్టులో సాక్షుల విచారణ లేదు. కాగితాల మీదే తీర్పు కోరారు. అలా కోరాలంటే కాగితాలు గట్టిగా ఉండాలి. వివక్ష చరిత్రపై జార్జ్ చౌన్సీ, వివాహ చరిత్రపై నాన్సీ కాట్, పిల్లల పెంపకంపై మైకెల్ లాంబ్, సంబంధాల మనస్తత్వంపై అన్ పెప్లౌ, రాజకీయ బలంపై గ్యారీ సెగురా ప్రమాణపత్రాలు ఇచ్చారు. కఠిన పరీక్షకు కోర్టు చూసే అంశాలు ఇవే: చరిత్రలో వివక్ష, సామర్థ్యంతో సంబంధం లేని లక్షణం, మారని లక్షణం, రాజకీయ బలహీనత. ఒక్కో అంశానికి సరిపడా నిపుణుణ్ని వెతికి పెట్టారు. సన్మాన ఉపన్యాసంలో ఐదు నిమిషాలు దొరికితే ఈ జాబితాకే ఖర్చు పెట్టాలి.

2012 జూన్ 6న జిల్లా జడ్జి బార్బరా జోన్స్ ఈడీ పక్షాన తీర్పిచ్చారు. అక్టోబరు 18న సెకండ్ సర్క్యూట్ సమర్థించింది. రాసింది పెద్ద బుష్ నియమించిన ప్రధాన న్యాయమూర్తి డెనిస్ జాకబ్స్. న్యూయార్క్ ఆ పెళ్లిని గుర్తించేదేనని తామే నిర్ధారించుకుని, రాష్ట్ర కోర్టుకు ప్రశ్న పంపలేదు. సుప్రీంకోర్టు తలుపు దగ్గర అప్పటికే ఇంకా పాత కేసు ఉంది: బోస్టన్‌కు చెందిన గిల్. 2009లోనే వేసింది, వాదులు ఎక్కువ, జనం మనసు కరిగించేవాళ్లూ ఎక్కువ. కానీ అది నడుస్తున్నప్పుడు ఎలినా కేగన్ ప్రభుత్వ సొలిసిటర్ జనరల్. ఆమె ఆ కేసు నుంచి తప్పుకుంటే ఓట్లు 4-4కు వచ్చే ప్రమాదముంది. విండ్సర్ దాఖలయ్యేనాటికి ఆమె ఆ పదవిలో లేరు. కోర్టు విండ్సర్‌నే ఎంచుకోవడానికి ఇదే కారణమని చాలామంది పరిశీలకుల లెక్క.

2013 మార్చి 27న వాదనలు. కాప్లన్‌కు సుప్రీంకోర్టులో అదే తొలి వాదన. ఆ రోజు దాదాపు సగం సమయం పెళ్లి గురించి కాక అధికార పరిధి గురించి గడిచింది. ప్రభుత్వం వాదితో ఏకీభవిస్తోంది కదా, మరి వివాదం ఎక్కడుంది? పరిధి లేదని వాదించడానికి కోర్టే ఒక ప్రొఫెసర్‌ను నియమించింది. జూన్ 26న 5-4తో వచ్చిన తీర్పులో దీనికిచ్చిన జవాబు: ప్రభుత్వం మాటల్లో ఒప్పుకుంది కానీ సొమ్ము ఇవ్వలేదు, ఖజానా నుంచి డబ్బు కట్టమన్న ఉత్తర్వు ప్రభుత్వానికి నిజమైన నష్టం. అంటే కేసు బతికింది మళ్లీ అదే 3,63,053 మీద. ఆపైన అసలు విషయం: డోమా 3వ సెక్షన్ రాజ్యాంగం ఐదో సవరణకు విరుద్ధం.

తీర్పు తర్వాత పని

తీర్పు వచ్చిన రోజున ఎవరి చేతికీ డబ్బు రాలేదు. వెయ్యికి పైగా నిబంధనలను ఒక్కో శాఖా తిరగరాసుకోవాలి. ఆగస్టు 29న ఐఆర్‌ఎస్ ఇచ్చిన రూలింగ్ కీలకమైంది: పెళ్లి జరిగిన చోట అది చెల్లితే చాలు, జంట ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉంటుందన్నది చూడం. గడువు దాటని సంవత్సరాలకు రిటర్నులు సవరించుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ చట్టం మాత్రం కాపురం ఉండే రాష్ట్రాన్ని చూడమంటుంది. కాబట్టి టెక్సస్‌లో ఉన్న జంట న్యూయార్క్‌లో పెళ్లి చేసుకున్నా ఆదాయపు పన్నుకు దంపతులు, పెన్షన్‌కు పరాయివాళ్లు. 2015 జూన్ 26న, స్వలింగ వివాహాన్ని దేశమంతటా హక్కు చేసిన ఓబర్గెఫెల్ తీర్పు వచ్చేదాకా ఈ వింత సాగింది.

ఇమిగ్రేషన్ శాఖ కూడా పెళ్లి జరిగిన చోటునే చూస్తుంది, తీర్పు వచ్చిన రోజుల్లోనే కదిలింది. హెచ్1బీ మీద ఉన్న తెలుగువాళ్లకు నేరుగా తగిలే భాగం ఇదే. స్వలింగ భాగస్వామికి హెచ్4 వీసా, గ్రీన్‌కార్డులో డిపెండెంట్ హోదా 2013 నుంచి సాధ్యమయ్యాయి. చిక్కు ఎక్కడంటే, హైదరాబాదులోనో విజయవాడలోనో పెద్దల ముందు తలంబ్రాలు పోసుకున్నా అది చట్టం ముందు పెళ్లి కాదు. చెల్లే దేశంలో రిజిస్టరైన సర్టిఫికెట్ కావాలి. 'సహజీవనం' అఫిడవిట్‌తో హెచ్4 రాదు.

కాప్లన్ తర్వాత మిసిసిపీకి వెళ్లారు. 2014 నవంబరులో జడ్జి కార్ల్‌టన్ రీవ్స్ ఆ రాష్ట్ర వివాహ నిషేధాన్ని కొట్టేశారు. 2016 మార్చి 31న స్వలింగ జంటలు పిల్లల్ని దత్తత తీసుకోకూడదన్న నిషేధం ఆగిపోయింది. వివాహంతో వచ్చే హక్కుల్లో దత్తతనూ ఓబర్గెఫెల్ లెక్కించిందన్నది ఆధారం. రెండింటిలోనూ నష్టం కళ్లెదుట ఉంది: లైసెన్సు ఇవ్వలేదు, దత్తత ఉత్తర్వు ఇవ్వలేదు.

అదే ఏడాది వచ్చిన హెచ్‌బీ 1523 మీద మాత్రం దెబ్బతిన్నారు. మతవిశ్వాసం పేరుతో స్వలింగ జంటలకు సేవలు నిరాకరించేవాళ్లను కాపాడే చట్టమది. అమల్లోకి రావాల్సిన జూలై 1కి ముందు రాత్రే రీవ్స్ ఆపేశారు. 2017 జూన్‌లో అక్కడి అప్పీలు కోర్టైన ఫిఫ్త్ సర్క్యూట్ ఆ ఉత్తర్వును తిప్పికొట్టింది. చట్టం మంచిదని కాదు. వాదులకు దావా వేసే అర్హత లేదని. ఎవరికి ఏ సేవ నిరాకరించారు? ఇంకా ఎవరికీ కాదు. అవమానం ఉంది కదా అంటే, ఆ కోర్టుకు అది చాలలేదు. 2018 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. ఈ ఓటమిని విండ్సర్ పక్కన పెట్టి చూస్తే రసీదు విలువ తెలుస్తుంది. న్యాయం రెండు చోట్లా ఒకే వైపు ఉంది. అంకె ఒక్కచోటే ఉంది.

మచ్చ ఉన్నచోట

బతికున్న మనిషిని సన్మానించడంలో మరో చిక్కుంది. 2021లో న్యూయార్క్ గవర్నర్ క్యూమోపై లైంగిక వేధింపుల ఆరోపణల మీద అటార్నీ జనరల్ నివేదిక వచ్చింది. ఫిర్యాదు చేసిన స్త్రీని ఉద్దేశించి గవర్నర్ వర్గం సిద్ధం చేసిన లేఖ ముసాయిదాను కాప్లన్ చూశారని అందులో ఉంది. వేధింపుల బాధితుల కోసం పుట్టిన 'టైమ్స్ అప్' సంస్థ చైర్ పదవికి ఆమె రాజీనామా చేయాల్సొచ్చింది. అదే ఏడాది నవంబరులో షార్లట్స్‌విల్ నియో నాజీ ఊరేగింపు నిర్వాహకులపై ఆమె బృందం రెండున్నర కోట్ల డాలర్లకు పైగా జ్యూరీ తీర్పు సాధించింది. రెండూ ఒకే ఏడాది, ఒకే మనిషి. మొదటిదాన్ని చెరిపేసి రెండోదాన్ని చదివే సన్మానపత్రం ఆ మందిరంలో ఎవరికీ కొత్త విషయం చెప్పదు. "న్యాయాన్ని, న్యాయాన్నే వెంటాడు" అన్న ద్వితీయోపదేశకాండము 16:20లో ఆ మాట రెండుసార్లు ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు యూదు వ్యాఖ్యాతల జవాబుల్లో ఒకటి: న్యాయాన్ని న్యాయమైన దారిలోనే వెతకాలి కనుక. ఆ వాక్యాన్ని లాయర్ల ఫలకాల మీద చెక్కే సమాజాలు దాని రెండో సగాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఈడీ 2017 సెప్టెంబరు 12న, 88 ఏళ్ల వయసులో చనిపోయారు. ఐబీఎం వదిలిన తర్వాతి నలభై ఏళ్లు ఆమె గే సంస్థల్లో చేసిన చిల్లర పని, అంటే కంప్యూటర్ల ఏర్పాటు, జాబితాలు, ఫోన్లు, సంస్మరణ వ్యాసాల్లో ఒక్క వాక్యానికి మించలేదు.

మన దగ్గర అదే తలుపు

భారత సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేదు. ఆ కేసుకు పేరిచ్చిన పిటిషనరు, ఆయన భాగస్వామి హైదరాబాదు వాసులు. అక్కడ అడిగింది హెర్నాండెజ్ తరహా పెద్ద ప్రశ్న. వచ్చిన జవాబూ అదే తరహా: శాసన వ్యవస్థ చూసుకోవాలి. ఆ తర్వాత కదలిక చిన్న చిన్న కాగితాల్లో కనిపిస్తోంది. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, క్వీర్ భాగస్వాములు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని స్పష్టం చేసింది.

2025 ఆగస్టులో బొంబాయి హైకోర్టు మరో పిటిషన్‌పై నోటీసులిచ్చింది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఏడాదిలో 50,000 రూపాయలు దాటిన బహుమతి పుచ్చుకున్నవారి ఆదాయం కిందికి వస్తుంది, బంధువులిస్తే రాదు. భార్యాభర్తలు బంధువుల జాబితాలో ముందుంటారు. స్వలింగ భాగస్వామి అందులో లేరు. ఇంటి డౌన్‌పేమెంటుకు ఒకరు ఇంకొకరికి పది లక్షలు ఇస్తే ఆ పది లక్షలూ పుచ్చుకున్నవారి ఆదాయమే, స్లాబు ప్రకారం పన్ను. పిటిషనర్లు పెళ్లి హక్కు అడగలేదు. 'స్పౌజ్' అన్న మాటకు తమనూ చేర్చి, ఆ పన్ను పడకుండా చూడమని అడిగారు.